మొగామి తరగతి క్రూయిజర్‌ను మళ్లీ గీయాలంటే: ముందు ఓడల సంఖ్య, తర్వాత వేగం, ఆ తర్వాతే ఫిరంగులు

మీరు అడిగింది ఇది: యుద్ధనౌకలకు టన్నుల పరిమితి పెట్టిన 1930 లండన్ ఒప్పందానికి లోబడే జపాన్ నౌకాదళపు మొగామి తరగతి క్రూయిజర్‌ను మళ్లీ డిజైన్ చేయాలి, అది బోల్తా కొట్టే ప్రమాదం లేని, తుఫానులో అతుకులు విడిపోని ఓడ కావాలి, కానీ 15 ఫిరంగులూ 37 నాట్ల వేగమూ పోకూడదు. ఓడల డిజైన్ సాఫ్ట్‌వేర్ స్ప్రింగ్‌షార్ప్‌లో ఎలా మార్చి చూసినా ఓవరాల్ స్ట్రెంగ్త్ (హల్ మొత్తం బలం, 1.00 రావాలి) 0.80 దగ్గరే ఆగిపోతోందన్నారు. అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. మీరు పెట్టిన షరతులన్నీ కలిపితే 8,500 టన్నుల్లో ఓడ తయారవదు. 1931లో జపాన్ నౌకాదళ సాంకేతిక విభాగంలో డిజైనర్ ఫుజిమోతో కికువో ముందున్న చిక్కు కూడా ఇదే. ఆ ఓడ ఎందుకు చెడిందో తెలిస్తే ఎక్కడ కోత పెట్టాలో దానంతట అదే తెలుస్తుంది.

ముందు ఒప్పందం లెక్క చూడండి. లండన్ ఒప్పందం క్రూయిజర్లను రెండు రకాలుగా విడగొట్టింది. 155 మిల్లీమీటర్లకు మించిన ఫిరంగులున్నవి ఏ రకం, అంతకు లోపలివి బీ రకం. ఏ రకంలో జపాన్‌కు దక్కిన 1,08,400 టన్నులూ ఫురుతాకా, అవోబా, మ్యోకో, తకావో తరగతుల 12 ఓడలతోనే నిండిపోయాయి. బీ రకంలో కొత్తగా కట్టుకోవడానికి మిగిలింది 50,955 టన్నులు. దాన్ని నౌకాదళం ఆరు ఓడలకు పంచింది: 8,500 చొప్పున నాలుగు మొగామిలు, 8,450 చొప్పున రెండు తోనేలు. 8,500 అనే అంకె ఓడ అవసరాల్లోంచి పుట్టలేదు, ఈ భాగహారంలోంచి పుట్టింది. డిజైనర్లు మొదట్నుంచీ 9,500 టన్నుల దగ్గర లెక్క వేసుకున్నారు, బయటికి 8,500 అని ప్రకటించారు, కట్టాక స్టాండర్డ్ బరువు (ఇంధనం, బాయిలర్ల రిజర్వు నీరు లేని బరువు) 11,000 టన్నులు దాటింది.

అందుకే నా మొదటి మార్పు ఓడ బొమ్మ మీద కాదు, ఓడల సంఖ్య మీద. ఆరు వద్దు, ఐదు కట్టండి. 50,955ను ఐదుతో భాగిస్తే ఒక్కోదానికి 10,191 టన్నులు వస్తాయి. వాషింగ్టన్ ఒప్పందం క్రూయిజర్‌కు పెట్టిన 10,000 టన్నుల గరిష్ఠ పరిమితి ఎలాగూ ఉంది కాబట్టి ఐదు ఓడలు, ఒక్కోటి నిజాయితీగా 10,000 టన్నులు. ఒక ఓడ తగ్గుతుంది, నిజమే. కానీ అసలు చరిత్రలో మొగామి, మికుమా రెండూ 1935లో పూర్తయిన కొద్ది నెలలకే మరమ్మతుకు వెళ్లి, పునర్నిర్మాణంలో చాలా కాలం పక్కన పడి ఉన్నాయి. సుజుయా, కుమానో 1937 అక్టోబర్ దాకా పూర్తే కాలేదు. కాగితం మీద ఆరు ఉన్నా ఆ రోజుల్లో సముద్రం మీద పనికొచ్చినవి ఎన్నో చూసుకుంటే ఐదు ఓడల లెక్కలో నష్టమేమీ కనిపించదు.

తర్వాత వేగం. బరువంతా ఇక్కడే దాగి ఉంది. 37 నాట్ల కోసం మొగామిలో 1,52,000 హార్స్‌పవర్ పెట్టారు, నాలుగు షాఫ్టులు. అమెరికా దీనికి జవాబుగా కట్టిన బ్రూక్లిన్ తరగతిని పక్కన పెట్టి చూడండి: అవే 15 ఫిరంగులు, దాదాపు 10,000 టన్నులు, కానీ 1,00,000 హార్స్‌పవర్, 32.5 నాట్లు. పదిహేను ఫిరంగులు ఆ బరువులో పట్టవని కాదు, 37 నాట్లతో కలిపి పట్టవు. పైగా ఆ 37 నాట్లు మొగామికి ఎన్నడూ రాలేదు. పరీక్షల్లో 13,000 టన్నులకు దగ్గరైన బరువుతో దాదాపు 36 నాట్లు తీసింది, పక్కలకు బల్జులు (హల్‌కు బయట అదనంగా అతికే ఉబ్బు గదులు) తొడిగాక 35కు దిగింది. పాత మ్యోకో, తకావోలు కూడా ఆధునికీకరణ తర్వాత 34 నాట్ల చుట్టూనే తిరిగాయి. అంటే దళంతో కలిసి నడవడానికి 33 నుంచి 34 సరిపోతుంది.

హార్స్‌పవర్ ఎంత కావాలో ఊహించనక్కర్లేదు, అడ్మిరాల్టీ గుణకం వాడండి. బరువును మూడింట రెండు ఘాతానికి తీసుకుని, వేగం ఘనంతో గుణించి, హార్స్‌పవర్‌తో భాగించాలి. మొగామి పరీక్షల అంకెలతో అది 166 దగ్గర వస్తుంది. అదే గుణకంతో 11,550 టన్నుల పరీక్షా బరువుకు (మూడింట రెండు వంతుల సరుకుతో ఉన్న బరువు) 1,14,000 హార్స్‌పవర్ పెడితే 33.3 నాట్లు తేలతాయి. వేగం తగ్గేకొద్దీ గుణకం కాస్త మెరుగవుతుంది కాబట్టి 33.5 అనుకోవచ్చు. 1,14,000 అనే అంకెకు కారణం ఉంది. సుజుయా, కుమానోల్లో ఎనిమిది పెద్ద బాయిలర్లతో 1,52,000 తీశారు, అంటే బాయిలర్‌కు 19,000. ఆరు పెడితే సరిగ్గా 1,14,000. కొత్త బాయిలర్ కనిపెట్టాల్సిన పని లేదు, ఒక జత బాయిలర్లు తీసేయడమే. ఆ గది పొడవు మేరకు కవచం కప్పాల్సిన భాగమూ తగ్గుతుంది. 100 మిల్లీమీటర్ల పక్క కవచం రెండు వైపులా, పైన 35 మిల్లీమీటర్ల డెక్కు కవచం, ఇవన్నీ ఆ పొడవుతో పాటే పోతాయి. అందుకే హార్స్‌పవర్ తగ్గిస్తే ఇంజన్ బరువు ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న ఉక్కు కూడా తగ్గుతుందని గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఫిరంగులు. ఐదు టరెట్లు (తిరిగే ఫిరంగి గూళ్లు) వద్దు, నాలుగు చాలు. మూడేసి ఫిరంగుల 155 టరెట్ తిరిగే భాగమే 175 టన్నుల పైచిలుకు. గొట్టానికి 150 గుండ్ల చొప్పున లెక్కేస్తే 450 గుండ్లు, మందుతో కలిపి మరో 34 టన్నులు. టరెట్ కింది బార్బెట్ (దాన్ని మోసే కవచపు గొట్టం), గుండ్ల ఎలివేటర్లు, మందుగుండు గది కవచం కలుపుకుంటే ఒక్క టరెట్ తీసేస్తే 300 టన్నుల దగ్గర మిగులుతుంది. అసలు మొగామిలో ముందు మూడు టరెట్లలో ఒకటీ రెండూ ఒకే మట్టంలో ఉండి, మూడోది వాటి మీదుగా కాల్చేలా ఎత్తులో ఉండేది. దీనివల్ల రెండో టరెట్ నేరుగా ముందుకు కాల్చలేదు, బరువు మాత్రం పూర్తిగా మోయాలి. తీసేయాల్సింది ఆ రెండోదాన్నే. ముందు రెండు, వెనుక రెండు, ప్రతి జతలో లోపలి టరెట్ ఒక డెక్కు ఎత్తున. బ్రిటన్ సౌతాంప్టన్ తరగతి 12 ఫిరంగులతో ఇదే అమరిక తీసుకుంది. తోనేలా నాలుగూ ముందే పెట్టి వెనుకంతా విమానాలకు వదిలేయడం ఇంకో దారి, కానీ వెంటపడే శత్రువు మీద వెనక్కి కాల్చలేని ఓడ అవుతుంది. గాలింపు విమానాలే ప్రధానమైతే తప్ప ఆ దారి పట్టవద్దు.

పన్నెండు ఫిరంగులతో ఒక దెబ్బలో పోయే గుండ్ల బరువు 670 కిలోలు, పదిహేనుతో 838. తగ్గుదల ఐదో వంతు. ఓడ నిలకడకు అది చవకైన బేరమే.

నిలకడ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మొగామిని చెడగొట్టింది ఇదే. హల్ (ఓడ ప్రధాన కాయం) పొడవు వాటర్‌లైన్ దగ్గర, అంటే నీటి మట్టం దగ్గర, 197 మీటర్లు, వెడల్పు 18 అనుకోండి. అలాంటి ఓడ ఒక సెంటీమీటర్ మునగడానికి సుమారు 25 టన్నులు పడుతుంది. అనుకున్నదానికంటే 1,800 టన్నులు ఎక్కువైతే 70 సెంటీమీటర్లు దిగుతుంది. దిగడం వల్ల కవచం పైఅంచు నీటికి దగ్గరవుతుంది, కింది వరస పోర్టుహోళ్లు అలకు అందుతాయి. అసలు దెబ్బ మాత్రం కంటికి కనిపించదు. నీటి మట్టం దగ్గర వైశాల్యపు జడత్వాన్ని మునిగిన ఘనపరిమాణంతో భాగిస్తే, ఓడ నిలకడను తేల్చే మెటాసెంటర్ అనే బిందువు తేలుడు కేంద్రానికి (మునిగిన భాగపు మధ్య బిందువుకు) ఎంత ఎత్తులో ఉందో వస్తుంది. అనుకున్న బరువు దగ్గర అది 4.3 మీటర్లు, అదనపు బరువు చేరాక 3.7. తేలుడు కేంద్రం కొంచెం పైకి జరగడం వల్ల కొంత తిరిగి వచ్చినా నికరంగా పావు మీటరుకు దగ్గరగా పోతుంది. ఆ అదనపు బరువు డెక్కు పైన చేరితే గురుత్వ కేంద్రం కూడా పైకి వెళ్తుంది. అప్పుడు రెండు వైపుల నుంచీ నష్టమే.

1934 మార్చి 12న టార్పెడో బోటు తొమోజురు సాసెబో దగ్గర ఇదే కారణంతో బోల్తా పడింది: చిన్న హల్ మీద మోయలేనన్ని ఆయుధాలు. ఆ దెబ్బకు కట్టుబడిలో ఉన్న ఓడలన్నింటి లెక్కలూ తిరగతోడారు. మొగామికి మొదట అనుకున్న తకావో తరహా కోట లాంటి బ్రిడ్జిని (ఓడను నడిపే పై కట్టడాన్ని) కోసి చిన్నది పెట్టారు. మీ బొమ్మలో బ్రిడ్జి ఇంకా తకావోదే ఉంది, అది తీసేయండి. 80 టన్నుల బ్రిడ్జి సామగ్రి 5 మీటర్లు కిందికి దింపితే గురుత్వ కేంద్రం మూడున్నర సెంటీమీటర్లు దిగుతుంది. డెక్కు మట్టంలోని ఒక టరెట్ తీసేస్తే ఏడు సెంటీమీటర్లు. ఒక్కోటి చిన్నదే, నాలుగైదు కలిస్తేనే తేడా తెలుస్తుంది.

నా కొలతలు ఇవి: వాటర్‌లైన్ పొడవు 193 మీటర్లు, వెడల్పు 19, మునక 5.8, బ్లాక్ గుణకం (పొడవు, వెడల్పు, మునకల పెట్టెలో హల్ నింపే వంతు) 0.53. పరీక్షా బరువు 11,550 టన్నులు వస్తుంది. తేలుడు కేంద్రం నుంచి మెటాసెంటర్ 4.8 మీటర్లు. ఒక్క మీటరు వెడల్పుకు ఇంత ఫలితం ఎందుకంటే జడత్వం వెడల్పు ఘనంతో పెరుగుతుంది. అసలు చరిత్రలో పునర్నిర్మాణంలో బల్జులతో వెడల్పును 20 మీటర్ల దాకా పెంచింది కూడా ఇందుకే. మొదట్లోనే పెంచి ఉంటే బల్జు తాలూకు ఉక్కు, వేగ నష్టం రెండూ తప్పేవి. అలాగని 21 మీటర్లకు పోవద్దు. మెటాసెంట్రిక్ ఎత్తు (గురుత్వ కేంద్రం నుంచి మెటాసెంటర్ దాకా దూరం) మరీ ఎక్కువైతే ఓడ వడివడిగా ఊగుతుంది, గురి చూడటం కష్టం. ఊగే కాలానికి సుమారు లెక్క: వెడల్పును 0.8తో గుణించి మెటాసెంట్రిక్ ఎత్తు వర్గమూలంతో భాగించాలి. ఎత్తు 1.25 మీటర్లయితే 13.6 సెకన్లు, 2 మీటర్లయితే 10.7. మొదటిదాని చుట్టూ ఉండండి.

ఇంకో జాగ్రత్త. స్టాండర్డ్ బరువులో ఇంధనం, బాయిలర్ల రిజర్వు నీరు ఉండవు. జపాన్ వాళ్లు డిజైన్ చేసేది మూడింట రెండు వంతుల సరుకున్న పరీక్షా స్థితిలో. నిలకడకు ప్రమాదకరమైన స్థితి మాత్రం ఇంధనం దాదాపు అయిపోయి గుండ్లు పైనే ఉన్న స్థితి. మూడింటినీ విడివిడిగా లెక్క కట్టండి. మూడోది తేలకపోతే ఖాళీ ఇంధన ట్యాంకుల్లో సముద్రపు నీరు నింపే ఏర్పాటు డిజైన్‌లోనే చూపించాలి.

హల్ బలం సంగతి. మొగామి హల్‌లో బరువు తగ్గించడానికి వెల్డింగ్ విరివిగా వాడారు, అదీ డ్యూకాల్ ఉక్కు మీద. ఆ ఉక్కులో కార్బన్, మాంగనీస్ ఎక్కువ, బలం ఉంటుంది కానీ వెల్డింగ్‌కు ఒదగదు. అతుకు చల్లారేటప్పుడు పక్కనున్న లోహం గట్టిపడి పెళుసవుతుంది, లోపల ఒత్తిడి మిగిలిపోతుంది. పరీక్షల్లోనే హల్ వంకరపోయి టరెట్లు తిరగడానికి ఇబ్బంది వచ్చింది. దీనికి కారణం చూడటం తేలిక: టరెట్ తిరిగేది రోలర్ల వరస మీద, ఆ వరస ఒకే సమతలంలో ఉండాలి. హల్ కొన్ని మిల్లీమీటర్లు మెలి తిరిగినా కొన్ని రోలర్ల మీదే మొత్తం బరువు పడుతుంది. 1935 సెప్టెంబర్ 26న నాలుగో నౌకాదళం తుఫానులో చిక్కినప్పుడు డెస్ట్రాయర్లు హత్సుయుకి, యూగిరిల ముందు భాగాలు తెగిపోయాయి, మొగామి, మికుమాల ముందు భాగంలోనూ హల్ దెబ్బతింది. అప్పటిదాకా అల ఎత్తు దాని పొడవులో ఇరవయ్యో వంతు అని లెక్క వేసేవారు. ఆ రోజు అలలు పదో వంతు దాకా నిటారుగా లేచాయి. తర్వాత సుజుయా, కుమానోల పొడవునా బలమిచ్చే ముఖ్యమైన భాగాలకు రివెట్లకే తిరిగి వెళ్లారు.

మీ డిజైన్‌లో ఇలా చేయండి: కీల్ (ఓడ అడుగున వెన్నెముక లాంటి భాగం), అడుగు పలకలు, పక్క పైపట్టీ, బలమిచ్చే డెక్కు పలకలు డ్యూకాల్ ఉక్కుతో, రివెట్లతో. లోపలి గోడలు, బ్రిడ్జి, మామూలు మెత్తటి ఉక్కు ఉన్న చోట్ల వెల్డింగ్. బలమిచ్చే డెక్కులో బార్బెట్ రంధ్రాల మూలల దగ్గర అదనపు పలక తప్పనిసరి, పగులు మొదలయ్యేది అక్కడే. ముందు టరెట్‌కు ముందున్న భాగాన్ని అందరూ తేలిగ్గా వదిలేస్తారు, తుఫానులో దెబ్బ తినేది అదే. ఓడ పొడవంత అలకు ఇరవయ్యో వంతు లెక్క చాలు, కానీ ముందు భాగాన్ని 100 మీటర్ల పొడవు, పదో వంతు ఎత్తున్న అలకు విడిగా పరీక్షించండి.

కవచం జోలికి నేను పోను. మందుగుండు గదుల పక్కన 140 మిల్లీమీటర్లు, యంత్రాల పక్కన 100, వాలుగా. ఆ అమరిక మంచిదే. మార్చాల్సింది యంత్రాల గదుల మధ్య ఓడ పొడవునా వేసిన నడి గోడను. జపాన్ క్రూయిజర్లలో ఇది అలవాటు. ఒక వైపు గదికి నీరు వస్తే రెండో వైపు ఖాళీగా ఉండిపోతుంది, ఓడ ఒరుగుతుంది. 15 మీటర్ల పొడవు, 7.5 వెడల్పు, 5 మీటర్ల లోతు గదికి, యంత్రాలు ఆక్రమించిన చోటు తీసేస్తే, సుమారు 490 టన్నుల నీరు పడుతుంది. దాని దూరం మధ్య గీతకు 3.75 మీటర్లు. మన ఓడకు అది ఏడున్నర డిగ్రీల ఒరుగు. అదే వైపు రెండో గది కూడా పోతే ఒరుగు రెట్టింపుతో ఆగదు, మిగిలిన నిలకడ కూడా కరిగిపోతుంది. అడ్డుగోడలే ఉంచి నడి గోడ తీసేయండి. ఇంజన్ గదుల్ని ముందొకటి వెనుకొకటిగా, బాయిలర్లతో మార్చి మార్చి పెట్టగలిగితే ఇంకా మేలు, అప్పుడు ఒక్క టార్పెడోకు ఓడ మొత్తం ఆగిపోదు.

టార్పెడోల విషయంలో మీరు మొత్తం తీసేద్దామన్నారు. ఒప్పుకోను. జపాన్ క్రూయిజర్ రాత్రి యుద్ధం కోసమే పుట్టింది, 490 కిలోల వార్‌హెడ్ ఉన్న టైప్ 93 టార్పెడో దాని ప్రధానాయుధం. 12 గొట్టాలు ఉండనివ్వండి. తీసేయాల్సింది గొట్టాల్లో ఉన్నవి పోగా నిల్వగా ఉంచే అదనపు పన్నెండు టార్పెడోలను. టన్నుల కోసం కాదు, ఒక్కోటి 2.7 టన్నులే. మధ్య భాగంలో, కవచం లేని డెక్కు మీద, శుద్ధ ఆక్సిజన్ నిండిన 24 టార్పెడోలు పక్కపక్కన ఉండటమే ముప్పు. 1942 జూన్ 5 తెల్లవారుజామున మిడ్‌వే దగ్గర మొగామి వచ్చి మికుమాను గుద్దింది, మొగామి ముందు కొస నలిగిపోయింది. మరుసటి రోజు అమెరికా డైవ్ బాంబర్లు రెండింటినీ పట్టుకున్నాయి. మొగామిలో డ్యామేజ్ కంట్రోల్ అధికారి టార్పెడోలను ముందే సముద్రంలో పారేయించాడు, ఆ ఓడ ఎన్నో బాంబులు తిని కూడా ఇంటికి చేరింది. మికుమాలో ఉంచుకున్న టార్పెడోలు పేలాయి, ఓడ మునిగింది. 1944 అక్టోబర్ 25న సమార్ దగ్గర సుజుయాకు బాంబు నేరుగా తగల్లేదు, పక్కన పడింది. దాని వేడికే టార్పెడోలు అంటుకున్నాయి. మీ డిజైన్‌లో గొట్టాల వెనుక 25 మిల్లీమీటర్ల గోడ వేయండి, బయటి పక్క పూర్తిగా తెరిచి ఉంచండి, పేలుడు బయటికి పోయేలా. చేత్తో తోసి పారేసే పట్టాలు రెండు వైపులా పెట్టండి, కరెంటు పోయినా పనిచేయాలి.

వేగం తగ్గించడం గురించి ఇంకా అనుమానం ఉంటే ఈ ఓడలు నిజంగా చేసిన పనులు చూడండి. 1942 ఏప్రిల్ 6న నాలుగు మొగామిలూ బంగాళాఖాతంలోనే ఉన్నాయి, ఒరిస్సా తీరం వెంట వర్తక నౌకలను వేటాడాయి. అదే రోజు ఆ దళానికి చెందిన విమాన వాహక నౌక ర్యూజో విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. నింపాదిగా పోయే సరుకు ఓడలను పట్టుకోవడానికి 33 నాట్లు ఎక్కువే. డెస్ట్రాయర్లతో కలిసి చీకట్లో టార్పెడో దాడికి మాత్రం ఆ రెండు మూడు నాట్లు అక్కరకొచ్చేవి. అది నిజమైన నష్టం, దాన్ని ఒప్పుకునే ఈ డిజైన్ చేస్తున్నాం.

చివరగా 203 మిల్లీమీటర్ల ఫిరంగుల మార్పిడి. 1939 నుంచి 155 మూడేసి టరెట్లు తీసి 203 జంట టరెట్లు పెట్టారు. పాతవాటిలో కొన్ని యమాతో, ముసాషి యుద్ధనౌకలకు, ఒయోదో క్రూయిజర్‌కు వెళ్లాయి. 203 గొట్టం పొడుగు కావడంతో రెండో టరెట్‌ను ముందుకు తిప్పి ఉంచినప్పుడు మొదటి టరెట్ కప్పుకు తగలకుండా గొట్టాల్ని కొద్దిగా పైకెత్తి ఉంచాల్సి వచ్చేది. మన అమరికలో రెండోది ఎత్తున ఉంది కాబట్టి ఆ ఇబ్బంది రాదు. ఎనిమిది 203లతో ఒక దెబ్బ 1,007 కిలోలు, పన్నెండు 155లతో 670. కానీ నిమిషానికి 155 ఐదు సార్లు, 203 మూడు సార్లు కాల్చగలదనుకుంటే 3,350కి 3,020. నిమిషం లెక్కలో చిన్నదే ముందుంది. ఎదురుగా భారీ క్రూయిజర్ కవచం ఉన్నప్పుడు, దూరం ఎక్కువైనప్పుడు 125 కిలోల గుండుకు సాటి లేదు. ఐదు ఓడల్లో మూడింటికి మార్చి రెండింటిని డెస్ట్రాయర్లను ఎదుర్కొనే పనికి 155లతోనే ఉంచడం నాకు నచ్చే పరిష్కారం. దానికి బార్బెట్ వ్యాసం మొదటి రోజే రెండు రకాలకూ సరిపోయేలా గీయాలి, తర్వాత కోసి పెంచడం కుదరదు.

ఈ అంకెలు స్ప్రింగ్‌షార్ప్‌లో వేసేటప్పుడు ఇతర బరువుల గడిలో సున్నా వదిలేయకండి, అందరూ చేసే పొరపాటు అదే. కాటపుల్టులు (విమానాలను గాల్లోకి విసిరే యంత్రాలు), మూడు సీప్లేన్లు, టార్పెడో సామగ్రి, రేంజ్‌ఫైండర్లకు 250 టన్నులు, కట్టేటప్పుడు పెరిగే బరువుకు మరో 300 వేయండి. అప్పుడు ఓవరాల్ స్ట్రెంగ్త్ 1.00 రాకపోతే ముందు వేగంలో అర నాటు తగ్గించి చూడండి, కవచం ముట్టుకోవడం ఆ తర్వాతే.